ఫౌండేషన్ షేడ్ చూడవలసింది ముంజేతి మీద కాదు

సంపాదకులకు,

నమస్కారం.

గతవారం మీ మహిళల పేజీలో ముఖానికి మేకప్ వేసుకునే పద్ధతి గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. చర్మాన్ని ముందుగా సిద్ధం చేసుకోవడం గురించీ, వేసుకున్న మేకప్‌ను రాత్రి పడుకునే ముందు పూర్తిగా తీసివేయడం గురించీ అందులో చెప్పిన మాటలు బాగున్నాయి. అయితే ఫౌండేషన్ (ముఖమంతా పూసుకునే చర్మం రంగు పూత) కొనేటప్పుడు మన చర్మం కంటే ఒక షేడ్ లేతది తీసుకుంటే ముఖం వెలిగిపోతుందనీ, ఆ షేడ్‌ను ముంజేతి మీద రాసి చూసుకోవాలనీ చెప్పిన రెండు వాక్యాలు మాత్రం, 22 ఏళ్లుగా ఇతరుల ముఖాలకు రంగులు అద్దుతూ బతుకుతున్న నాకు మింగుడుపడలేదు. పాఠకులు మిగతా వ్యాసాన్ని మరిచిపోయి ఆ రెండు వాక్యాలనే గుర్తుపెట్టుకుంటారేమోనన్న భయంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫౌండేషన్‌కు రంగునిచ్చేవి ప్రధానంగా నాలుగు పొడులు. తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్ వాడతారు. పసుపు, ఎరుపు, నలుపు కోసం ఐరన్ ఆక్సైడ్లు వాడతారు. వీటి పాళ్లు మార్చడం వల్లనే షేడ్లు మారుతాయి, షేడ్ లేతబారుతున్న కొద్దీ తెల్లపొడి పాలు పెరుగుతుంది. ముదురు రంగు గోడ మీద పలుచగా సున్నం పూస్తే అది తెల్లగా కాకుండా నీలం కలిసిన బూడిద రంగులో కనిపించడం చాలామంది చూసే ఉంటారు. చామనచాయ ముఖం మీద లేత ఫౌండేషన్ పూసినప్పుడు జరిగేదీ అదే. కింద ఉన్న చర్మం రంగు పైకి తొంగిచూస్తుంది, పైన ఉన్న తెలుపు దాన్ని కప్పలేదు, రెండూ కలిసి ముఖం బూడిద పూసినట్టు అవుతుంది. వెలుగు కోసం వేసుకున్నదే ముఖంలోని జీవకళను తీసేస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయి తన పెళ్లికి నెల రోజుల ముందు తల్లితో కలిసి నా దగ్గరకు వచ్చింది. ఇంట్లో తానే మేకప్ వేసుకుని తీసుకున్న ఫొటోలు చూపించి, కళ్లూ పెదవులూ బాగానే వచ్చినా ముఖం మాత్రం జ్వరం నుంచి లేచినట్టు ఉంటోందని వాపోయింది. ఆమె వాడుతున్న సీసాతోనే ముఖమంతా బేస్ (ఫౌండేషన్ పూతను మేం అలాగే అంటాం) వేసి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. దవడ అంచున గీత గీసినట్టు ఒక హద్దు కనిపించింది. మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు. చెవులైతే ఆ ముఖానివి కావేమో అనిపించేంత ఎర్రగా ఉన్నాయి. కుడివైపు మాత్రం బేస్ తుడిచేసి, ఆమె మెడకు సరిపోయే, మునుపటి దానికంటే రెండు షేడ్ల ముదురు రంగును, కొంచెం పసుపు ఛాయ ఉన్నదాన్ని పలుచగా అద్దాను. అంతవరకూ మాట్లాడకుండా చూస్తున్న తల్లి లేచి దగ్గరికి వచ్చి, కుడి చెంప వైపు వేలు చూపిస్తూ, "ఇదీ మా అమ్మాయి" అన్నారు. ఎడమవైపు ఎవరని నేను అడగలేదు.

ముంజేతి సలహాతో చిక్కేమిటంటే, లోపలివైపు చర్మానికి ఎండ పెద్దగా తగలదు కనుక అది సాధారణంగా ముఖం కంటే లేతగా ఉంటుంది. ఎప్పుడూ ఎండ తగిలే అరచేతి వెనుక భాగమేమో తరచు ముఖం కంటే నల్లబడి ఉంటుంది. ముఖంలోనే నుదురు, పెదవుల చుట్టూ, బుగ్గలు తలా ఒక రంగులో ఉండేవారు ఎంతోమంది. అందువల్ల దేనికి సరిపోల్చాలన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు మెడ, ఛాతీ పైభాగం. ముఖం పక్కనే ఎదుటివారి కంటికి కనిపించేవి అవే కదా. మూడు దగ్గరి షేడ్లను దవడ ఎముక మీద నుంచి మెడ మీదికి దిగేలా నిలువు గీతలుగా రాసి, రుద్దకుండా వదిలేయాలి. పది పదిహేను నిమిషాలు ఆగిన తరువాతే చూడాలి, ఎందుకంటే అందులోని తడి ఆవిరై, చర్మంలోని నూనె కలిసేసరికి చాలా ఫౌండేషన్లు కొంత ముదురుతాయి. ఆ తరువాత మూడింటిలో ఏ గీత కనిపించకుండా పోయిందో అదే మన షేడ్. రెండు షేడ్ల మధ్య తేల్చుకోలేకపోతే ముదురుదాన్నే తీసుకోమంటాను. ముదురుదాన్ని పలుచగా వేసి సర్దుకోవచ్చు, లేతదానితో ఆ వెసులుబాటు తక్కువ.

లేత, ముదురు అన్న లెక్క ఒక్కటే చాలదు. ఒకే స్థాయి చామనచాయలో పసుపు వైపు మొగ్గేవారు, ఎరుపు వైపు మొగ్గేవారు, కొద్దిగా ఆకుపచ్చ కలిసినట్టుండేవారు ఉంటారు. దీన్నే అండర్‌టోన్ అంటాం. ముంజేతి నరాలు పచ్చగా కనిపిస్తే ఒకటనీ, నీలంగా కనిపిస్తే మరొకటనీ చెప్పే చిట్కా బాగా ప్రచారంలో ఉంది కానీ, చర్మం ముదురుగా ఉన్నవారిలో నరాల రంగే సరిగా తెలియదు కనుక దాన్ని నేను నమ్మను. స్థాయి సరిపోయినా ముఖం గులాబీ రంగు ముసుగులా ఉంటే పసుపు ఛాయ ఉన్నదాన్నీ, కామెర్లు వచ్చినట్టు ఉంటే ఎరుపు ఛాయ కలిసినదాన్నీ ప్రయత్నించడమే సరైన దారి.

షేడ్ చూసే చోటు కూడా ముఖ్యమే. పసుపు బల్బు కింద ప్రతి బేస్ వెచ్చగా, ఇంపుగా కనిపిస్తుంది. కొన్ని ట్యూబులైట్ల కింద అదే బేస్ పాలిపోయి పచ్చబారుతుంది. పగటిపూట, నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర చేతి అద్దంతో చూసుకున్నదే నమ్మదగిన తీర్పు. రాత్రి వేడుక అయితే ఆ దీపాల కింద మరోసారి చూసుకోవాలి. ఫ్లాష్‌తో ఫొటోలు తీస్తారని తెలిస్తే ఇంకో జాగ్రత్త కావాలి. టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఎక్కువగా ఉన్న బేస్‌లూ, సిలికాతో చేసిన తెల్లని పౌడర్లూ అద్దంలో కనిపించకపోయినా, ఫ్లాష్ వెలుగును తిప్పికొట్టి ఫొటోలో ముఖం మీద పిండి చల్లినట్టు మచ్చలు చూపిస్తాయి. ఇంట్లోనే ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీసుకుంటే ఆ గుట్టు ముందే బయటపడుతుంది.

వ్యాసం రాసిన వారిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదని కూడా ఒప్పుకోవాలి. ముదురు చర్మానికి సరిపోయే షేడ్లు చాలాకాలం అంగళ్లలో ఉండేవే కావు, ఉన్నవాటిలో దగ్గరిది తీసుకోవడమే అందరూ చేసిన పని. 1930ల చివర్లో రంగుల సినిమా కోసం మాక్స్ ఫ్యాక్టర్ సంస్థ పాన్‌కేక్ తయారుచేసింది. అంతకుముందు వాడిన జిడ్డు రంగులు మెరుస్తూ, చుట్టూ ఉన్న రంగులను ముఖం మీద ప్రతిఫలించేవి. తడి స్పాంజితో అద్దే పాన్‌కేక్ ఆ మెరుపును పోగొట్టింది. మేకప్ వేసేవారిలో పాతతరం వాళ్లు ఇప్పటికీ బేస్‌ను పాన్‌కేక్ అనే అంటారు. కానీ రకరకాల చర్మాలకు సరిపడే విస్తారమైన షేడ్లు మార్కెట్లో మామూలు విషయం కావడానికి ఆ తరువాత దశాబ్దాలు పట్టింది. గాయని రిహానా 2017లో తన మేకప్ బ్రాండ్ ఫెంటీ బ్యూటీని ఒకేసారి 40 షేడ్లతో విడుదల చేసినప్పుడు అది వార్త అయిందంటే, అప్పటిదాకా పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ఇప్పుడు సరైన షేడ్ దొరుకుతోంది. దొరికాక కూడా ఒక మెట్టు లేతది తీసుకోమనడమే నా అభ్యంతరం.

కళ్ల కింది నలుపు విషయంలో ఇదే పొరపాటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ చాలామంది మచ్చలను కప్పే లేత కన్సీలర్‌ను దట్టంగా పూస్తారు; నలుపు పోదు, దాని స్థానంలో బూడిద రంగు అర్ధచంద్రాలు వస్తాయి. ఆ నలుపును పరీక్షగా చూస్తే అందులో నీలం, గోధుమ, ఊదా రంగులు కలిసి ఉంటాయి. నీలానికి ఎదురు రంగు నారింజ కనుక ముందుగా ఆ నీలాన్ని అణచే నారింజ రంగు కరెక్టర్‌ను వాడాలి. చర్మం లేతగా ఉన్నవారికైతే పీచ్ రంగు చాలు. బియ్యపుగింజంత తీసుకుని, ఉంగరపు వేలితో, నలుపు ఉన్నంత మేరకే తట్టాలి. ఆ వేలే ఎందుకంటే దాని ఒత్తిడి తక్కువ. నలుపు కాస్తా చర్మం రంగుకు దగ్గరగా వచ్చాక, దాని మీద ముఖం షేడ్‌లోనే ఉన్న కన్సీలర్‌ను పలుచగా అద్దితే సరిపోతుంది. నారింజ రంగు ముఖం మీద పెట్టుకోవడానికి మొదటిసారి అందరూ జంకుతారు. పై పొర పడ్డాక అది కంటికి ఆనదు. మొటిమల ఎర్రదనానికి ఇదే సూత్రం మీద ఆకుపచ్చ కరెక్టర్ వాడతారు కానీ, అది ఎక్కువైతే ముఖం నాచు పట్టినట్టు అవుతుంది కనుక చుక్కతోనే ఆపాలి.

వేసే తీరు గురించి మీ వ్యాసంలో పెద్దగా లేదు కాబట్టి ఒకటి రెండు మాటలు కలుపుతాను. స్పాంజిని నీటిలో ముంచి, గట్టిగా పిండి, కాస్త చెమ్మ మాత్రమే మిగిలాక వాడాలి. రుద్దితే కింద వేసిన క్రీమ్ కదిలిపోయి బేస్ చారలు కడుతుంది. తట్టితే చర్మంలో కలిసిపోతుంది. ముఖం మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు వెళ్లేసరికి స్పాంజి మీద దాదాపు ఏమీ మిగలకుండా ఉండాలి. ఫౌండేషన్ కంటే ముందు వేసే, సిలికాన్ ఎక్కువగా ఉన్న ప్రైమర్ మీద నీటి ఆధారంగా చేసిన ఫౌండేషన్ వేస్తే రెండూ పొసగక ఉండలు ఉండలుగా రాలుతుంది. కొందరు దీన్ని తమ చర్మం తప్పనుకుని బాధపడుతుంటారు. పౌడర్ నుదుటికీ ముక్కుకూ గడ్డానికీ చాలు. వయసు పైబడినవారు కళ్ల కింద పౌడర్ వేయకపోవడమే మంచిది, అది ముడతల్లో చేరి ఉన్న వయసుకు మరో పదేళ్లు కలుపుతుంది. ఫౌండేషన్ మీద ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే) అంకె చూసి సన్‌స్క్రీన్ మానేయడం కూడా పొరపాటే. ఆ అంకెను చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల మందంతో పూసి కొలుస్తారు. అంత మందంగా ఎవరూ ఫౌండేషన్ వేసుకోరు, వేసుకుంటే చూడలేం.

కళ్లకూ పెదవులకూ వచ్చేసరికి నేను అంత కచ్చితంగా మాట్లాడను. అక్కడ ఎవరి అభిరుచి వారిది. అయితే ముఖం తెల్లబడితేనే ఆకర్షణ అనుకునేవారికి ఒక పరిశోధన గురించి చెప్పాలి. కళ్లూ పెదవులూ చుట్టూ ఉన్న చర్మం కంటే ఎంత ముదురుగా ఉన్నాయన్న తేడా స్త్రీల ముఖాల్లో పురుషుల కంటే ఎక్కువగా ఉంటుందనీ, మేకప్ చేసేది ఆ తేడాను పెంచడమేననీ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ రస్సెల్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో చూపారు. ఆ తేడా పెంచడానికి చర్మాన్ని తెల్లబరచనక్కరలేదు. కంటి అంచున కాటుక గీత, రెప్పలకు మస్కారా, పెదవులకు కాస్త నిండు రంగు ఉంటే ఆ పని జరిగిపోతుంది. ముదురు పెదవుల మీద లేత గులాబీ లిప్‌స్టిక్ సుద్దలా తేలుతుంది. ఇటుక ఎరుపు, మెరూన్, నేరేడు రంగులు అలాంటి పెదవుల మీదే అందంగా పండుతాయి.

కాటుక, మస్కారా ఒకరివి ఒకరు వాడుకోకూడదన్న మాట వ్యాసంలో లేకపోవడం నాకు లోటుగా అనిపించింది. కండ్లకలక అంటుకోవడానికి అదొక దారి. మస్కారాను తెరిచిన మూడు నెలలకు పారేయడం మేలు. మిగిలిన వాటి గడువు డబ్బా మీదే ఉంటుంది. మూత తెరిచిన చిన్న సీసా బొమ్మలో 12ఎం అని ఉంటే తెరిచిన నాటి నుంచి 12 నెలలని అర్థం.

మీ పేజీలో మళ్లీ ఈ విషయం వచ్చినప్పుడు ఆ రెండు వాక్యాలను సరిచేయవలసిందిగా మనవి చేస్తున్నాను. వీలైతే వ్యాసంతో పాటు వేసే బొమ్మను కూడా మార్చండి. మొన్నటి బొమ్మలో ముఖం మీద పడిన వెలుగు మెడ దగ్గరే ఆగిపోయింది. మెడా చెవులూ కనిపించేలా, పగటి వెలుతురులో, ఫిల్టర్ లేకుండా తీసిన ఒక చామనచాయ ముఖం ఫొటో వేస్తే, నేను ఇన్ని పేరాల్లో చెప్పింది పాఠకులకు చూడగానే అర్థమవుతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక మేకప్ కళాకారిణి