నాలుగు నేలల మీద ఒక్క టైలు

పర్లాకిమిడి,
ఆదివారం, మధ్యాహ్నం

ఒరే బావా,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ సందులు పూడ్చే గ్రౌట్ తుడుస్తున్నా. అందుకే రెండు ముక్కల్లో పెట్టేశాను, కోప్పడకు. "పాత ఇల్లంతా ఒకే టైలు వేసెయ్యొచ్చా" అని అడిగావు కదా. వెయ్యొచ్చు. కానీ ఎలా వెయ్యకూడదో నేను డబ్బులు పోసి నేర్చుకున్నాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. గిడుగు వారు పంతులుగా పనిచేసిన ఊరు కదా, వాడుక మాటల్లోనే రాస్తాలే.

మా ఇల్లు నీకు తెలిసిందే. ముందు హాలు ముత్తాత కట్టించింది. అప్పటికి మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, అక్కడ సున్నం గచ్చు. మధ్య గది తాతయ్య ఎర్ర గచ్చు. వెనక వంటిల్లు, 1936లో ఊరు ఒడిశాలో కలిసిన చాలా ఏళ్లకి, నాన్న వరండాని కలుపుకుని కట్టించింది. మట్టి నింపి పైన పల్చగా సిమెంటు పూశారు. ఇక మేడ మీద గది, చెక్క దూలాల మీద పలకలు. అంటే ఒక్క కప్పు కింద నాలుగు రకాల నేలలు. మా ఆవిడకి మాత్రం వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఒకే తెల్లటి నేల కావాలి. వంటిల్లు విశాలంగా ఉండాలని మధ్య గదికీ దానికీ నడుమ గోడ కూడా తీయించేశాం. అదే కొంప ముంచింది.

నిరుడు వచ్చిన మేస్త్రీ పేరు చెప్పను, పాపం ఊళ్లో వాడే. నాలుగు రోజుల్లో ఇల్లంతా పరిచేశాడు. రెండడుగుల విట్రిఫైడ్ టైలు, వెనక అయిదు చోట్ల సిమెంటు ముద్ద పెట్టడం, బోర్లించి నొక్కెయ్యడం. అద్దంలా మెరిసింది. దీపావళి వెళ్లి పది రోజులైందో లేదో, తెల్లారి కాఫీ పట్టుకుని నడుస్తుంటే కాలి కింద చిన్న గీత తగిలింది. వెంట్రుక అనుకుని గోరుతో గీకాను. పోలేదు. వంగి చూస్తే పదకొండు టైల్స్ మీదుగా దారం పట్టి గీసినట్టు పగులు! సరిగ్గా మేం గోడ తీసేసిన చోటనే.

కారణం తర్వాత వచ్చిన మేస్త్రీ చెప్పాడు. ఆయన గుణుపురం వైపు నుంచి వస్తాడు, సగం ఒడియా, సగం తెలుగు. గోడ తీసేశాం గానీ దాని కింద రాతి పునాది అలాగే ఉంది కదా, అది కదలదు. పక్కన వంటింట్లో నింపిన మట్టి వానాకాలంలో తడిసి దిగుతుంది. గట్టి దాని మీద సగం, దిగే దాని మీద సగం టైలు కూర్చుంటే మధ్యలో విరక్క ఏం చేస్తుంది? ఆయన రూపాయి బిళ్ళతో ఒక్కో టైలూ కొట్టుకుంటూ పోయాడు. ముద్ద లేని చోటల్లా డొల్ల శబ్దం. "ఫాటిబొ" అంటూ తల ఊపడం. పగులుతుందని అర్థం. ఇప్పుడు మా పిల్లలు పాలగ్లాసు జారినా అదే మాట.

ఇంకో సంగతి. విట్రిఫైడ్ టైలు నీళ్లు పీల్చదు, పీల్చినా అర శాతం లోపే. వట్టి సిమెంటు పాలు దాని వీపుని పట్టుకోలేవు. అందుకే మళ్లీ వేసినప్పుడు బస్తాల్లో వచ్చే టైల్ గమ్ము వాడాం. పళ్ల తాపీతో ఒకే దిక్కుకి గీతలు లాగడం, టైలు పెట్టి రబ్బరు సుత్తితో తట్టడం. మధ్యమధ్యలో ఒక టైలు పైకి లేపి చూసేవాడు, వీపంతా గమ్ము అంటిందా లేదా అని. ఆ అలవాటు నాకు భలే నచ్చింది.

గది గదికీ వైద్యం వేరు. ఎర్ర గచ్చు గట్టిగానే ఉంది కానీ ఏళ్ల తరబడి తుడిచీ తుడిచీ గాజులా నున్నబడింది. దాన్ని ఉలితో గాట్లు పెట్టి, కడిగి, ఆరనిచ్చి, పైనే అంటించాం. పాత సున్నం గచ్చు కొన్ని చోట్ల గోటితో గీకితే పొడి రాలింది. పొడి రాలే చోటల్లా తవ్వి తీసి గట్టి సిమెంటు మాలు నింపాం. వంటింటిని మాత్రం మొత్తం పగలగొట్టాల్సి వచ్చింది. ఇసుక పొరలు పొరలుగా పోసి, నీళ్లు పెట్టి, దిమ్మిసతో కొట్టి, ప్లాస్టిక్ షీటు పరిచి, మూడంగుళాల కాంక్రీటు వేశాం. తర్వాత నెల రోజులు ఆగమన్నాడు. మా ఆవిడ ఆ నెలంతా వరండాలో గ్యాస్ పొయ్యి పెట్టుకుని నా వైపు చూసిన చూపు నీకెందుకులే.

ఎత్తుల గొడవ కూడా ఉంది. నీళ్ల గొట్టంతో మట్టం చూస్తే హాలుకీ వంటింటికీ అంగుళన్నర పైగా తేడా. కాంక్రీటు వేసేటప్పుడే అది సర్దుకున్నాం. తలుపులు రెండు కింద కోయించాం.

ఇక అసలు గీత. గోడ ఉన్న చోట టైలునీ, దాని కింద బెడ్డునీ (టైలు కూర్చునే పొర) కూడా విడగొట్టి ఎనిమిది మిల్లీమీటర్ల సందు వదిలాడు. అందులో గ్రౌట్ కాదు, రబ్బరులా సాగే సిలికాన్. "ఇంత ఖర్చు పెట్టి నడుమ ఈ గీత ఏంటండీ" అని ఇంట్లో గొడవ. చివరికి నాలుగంగుళాల గ్రానైట్ పట్టీ వేసి గడపలా చేశాం. దాన్ని ఒక వైపే అంటించాడు, రెండో అంచు సందు మీద ఊరికే కూర్చుంటుంది. రెండు వైపులా అంటిస్తే మళ్లీ ఫాటిబొ. సంక్రాంతికి మా ఆవిడ దాని మీదే ముగ్గు పెట్టింది, అంటే రాజీ కుదిరినట్టే.

మేడ గది జోలికి పోలేదు. పిల్లలు గెంతితే బీరువాలో గ్లాసులు గలగలమంటాయి. అలా ఊగే నేల మీద టైలు నిలవదు. రెండంగుళాల మాలు అంటేనే చదరపు మీటరుకి దాదాపు వంద కిలోలు, ఆ దూలాల మీద అంత బరువు పెట్టే ధైర్యం నాకు లేదు. ఒక వినైల్ షీటు పరిచేశా.

నువ్వు చేయాల్సింది ఒకటి. మీ నాన్నగారి గదిలో మూల ఎప్పుడూ చెమ్మగా ఉంటుందన్నావు కదా. రెండడుగుల ప్లాస్టిక్ ముక్క నాలుగు వైపులా టేపుతో నేలకి అంటించి ఒక రోజు ఉంచు. కింద నీటి చుక్కలు పట్టాయేమో చూసి ఫోటో పంపు. అది చూశాకే మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వు. ఈయన పాతపట్నంలో ఇంకో ఇంటి పని ఒప్పుకున్నాడు, వచ్చే నెలాఖరుకి ఖాళీ. చెప్పి ఉంచమంటావా?

నీ,
బావ