క్వీన్ బీకి ముందు ఫెయిరీ క్వీన్

సంపాదకులకు నమస్కారం.

డ్రోన్ల చరిత్రను చాలామంది 1935 నాటి బ్రిటిష్ క్వీన్ బీ అనే, ఫిరంగి గురికి పెట్టే రేడియో విమానంతో మొదలుపెడతారు. దానికి దారి వేసిన ఫెయిరీ క్వీన్‌ను మరవడం అన్యాయం. నౌకాదళ ఫిరంగుల గురి పరీక్షించడానికి 3 ఫెయిరీ త్రీ-ఎఫ్ సీప్లేన్లకు (నీటిపై దిగే విమానాలు) రేడియో అదుపు అమర్చారు. అవే ఫెయిరీ క్వీన్‌లు. 1932లో మొదటి రెండూ ఓడమీది కాటపుల్ట్ (విమానాన్ని గాల్లోకి విసిరే యంత్రం) నుంచి వదిలిన కాసేపటికే కూలాయి. పైలట్ ఉంటే రెక్క ఒరగగానే సరిచేస్తాడు. ఖాళీ విమానం తనంతట తానే నిలదొక్కుకోవాలి. అందుకే క్వీన్ రెక్కల కొసలను మామూలు త్రీ-ఎఫ్ కంటే పైకెత్తి కట్టారు. మూడోది నిలిచింది. 1933లో మధ్యధరా సముద్రంపై సుమారు రెండు గంటలు కాల్చినా నౌకలు దాన్ని కూల్చలేకపోయాయి! విమానాల దాడి నుంచి యుద్ధనౌకల రక్షణ ఎంత బలహీనమో అక్కడే తేలింది. అయినా క్వీన్ ఉత్పత్తికి వెళ్లలేదు. కాల్చి పారేసే విమానం చౌకగా ఉండాలి మరి. ఆ అవకాశం చెక్క బాడీతో వచ్చిన క్వీన్ బీకి దక్కింది.

— ఒక పాఠకుడు