2024 వార్షిక నివేదిక: హ్యాంగ్‌టౌన్ మోటోక్రాస్‌కి మనవాళ్లు వెళ్లిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. తెలుగు బడి పిల్లల పద్యాల పోటీ, రక్తదాన శిబిరం కూడా అనుకున్నట్టే పూర్తయ్యాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా సమర్పిస్తున్నారు కాబట్టి వాటి జోలికి నేను వెళ్లడం లేదు. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు, కొత్తగా మొదలుపెట్టిన ఒక్క కార్యక్రమానికే ఇస్తున్నాను. "మోటార్‌సైకిల్ రేసులకీ తెలుగు సంఘానికీ ఏం సంబంధం?" అని కమిటీ సమావేశంలో పెద్దలు కొందరు నేరుగానే అడిగారు. వాళ్లకి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతాను.

కాలిఫోర్నియాలోని ఫోల్సమ్, రాంచో కార్డోవా చుట్టుపక్కల మన కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ పక్కనే ప్రెయిరీ సిటీ పార్కు ఉంది. మోటోక్రాస్ అంటే ఎగుడుదిగుడు మట్టి ట్రాక్ మీద జరిగే మోటార్‌సైకిల్ రేసు. అమెరికా జాతీయ మోటోక్రాస్ ఛాంపియన్‌షిప్‌లో హ్యాంగ్‌టౌన్ అనే ఒక రౌండు దాదాపు ప్రతి వేసవిలో అక్కడే జరుగుతుంది. ఏళ్ల తరబడి ఆ రోడ్డు మీదే ఆఫీసులకి వెళ్లొస్తున్నాం కానీ, లోపల ఏం జరుగుతుందో మనలో చాలామందికి తెలియదు. మనం ఉంటున్న ఊరి చరిత్ర మన పిల్లలకి మన నోటి మీదుగా తెలియాలన్నది యువజన విభాగం ఆలోచన. పైగా 1974 సీజన్‌కి ఈ ఏడాదితో యాభై ఏళ్లు నిండాయి. అందుకే రేసుకి ముందు రెండు ఆదివారాలు ఆ సీజన్ గురించే మాట్లాడుకున్నాం.

ఆ కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. మోటోక్రాస్ పుట్టింది యూరప్‌లో. 1966లో ఎడిసన్ డై అనే వ్యాపారి స్వీడన్ నుంచి టోర్‌స్టెన్ హాల్‌మన్ అనే రైడర్ని పిలిపించి, హస్క్‌వర్నా అనే స్వీడన్ కంపెనీ బండి మీద అమెరికా రేసుల్లో దింపాడు. ఇక్కడివాళ్లు ఆయన్ని అందుకోలేకపోయారు. ఆ తర్వాతే ఈ ఆట ఇక్కడ ఊపందుకుంది. అమెరికన్ మోటార్‌సైకిలిస్ట్ అసోసియేషన్ 1972లో జాతీయ ఛాంపియన్‌షిప్ మొదలుపెట్టినప్పుడు 250, 500 సీసీ తరగతులు మాత్రమే ఉండేవి. మొదటి ఏడాది 250లో యమహా మీద గ్యారీ జోన్స్, 500లో కవాసాకీ మీద బ్రాడ్ లాకీ గెలిచారు. మరుసటి ఏడు 500 టైటిల్ పియెర్ కార్స్‌మేకర్స్ అనే డచ్చి ఆయనకి దక్కింది.

1974లో 250 టైటిల్ మళ్లీ జోన్స్‌దే. 1972లో యమహా, 1973లో హోండా, 1974లో కెనడా కంపెనీ క్యాన్-యామ్. మూడేళ్లలో మూడు కంపెనీల బళ్లు, ప్రతిసారీ ఆయనే ఛాంపియన్. పైగా ఆ ఏడు 250లో మొదటి మూడు స్థానాలూ క్యాన్-యామ్ రైడర్లవే. 500లో కవాసాకీ మీద జిమ్మీ వైనర్ట్ గెలిచాడు. ఇవన్నీ గొప్పవే, కాదనను. కానీ నా దృష్టిలో ఆ ఏడాది అసలు సంగతి వేరే ఉంది. 125 సీసీ తరగతిని మొట్టమొదటిసారి చేర్చింది అప్పుడే.

500 సీసీ బండిని అదుపు చేయాలంటే కండ ఉండాలి, కొనాలంటే డబ్బుండాలి. 125 అలా కాదు. బక్కపలచని కుర్రాడైనా తొక్కగలడు. హోండా అప్పుడే సీఆర్125ఎమ్ ఎల్సినోర్ అనే 125 బండిని మార్కెట్లోకి తెచ్చింది. షోరూమ్‌లో కొని నేరుగా ట్రాక్ మీదికి తీసుకెళ్లొచ్చు. ఆ మొదటి 125 సీజన్ ఛాంపియన్ మార్టీ స్మిత్‌కి అప్పటికి పదిహేడేళ్లు. శాన్ డియేగోలో హైస్కూలు చదువుకుంటున్న పిల్లవాడు. ఆ సీజన్ మొదటి రేసు మన హ్యాంగ్‌టౌన్ రేసే, అదీ అతనే గెలిచాడు. 2020 ఏప్రిల్‌లో ఇసుక దిబ్బల్లో బగ్గీ బోల్తాపడి ఆయనా ఆయన భార్యా చనిపోయారు. ఈ మాట చెప్పగానే హాలంతా నిశ్శబ్దమైపోయింది.

హ్యాంగ్‌టౌన్ అంటే ఏంటని పిల్లలు అడిగారు. బంగారం వేట రోజుల్లో ప్లేసర్‌విల్‌లో దొంగల్ని ఉరి తీసేవారు కాబట్టి ఆ ఊరికి ఆ పేరు పడింది. 1969లో ఈ రేసు మొదలైంది ఆ దగ్గర్లోని ప్లిమత్‌లో. 1979లో ప్రెయిరీ సిటీకి మారింది.

రెండో ఆదివారం స్థానిక అభిమాని ఒకరు తన పాత ఎల్సినోర్‌ని ట్రక్కులో వేసుకొచ్చారు. వెండి రంగు ట్యాంకు, అరిగిపోయిన రబ్బరు పెడల్, సన్నటి ఎగ్జాస్ట్. వెనక షాక్‌లు నాలుగైదు అంగుళాలకి మించి ఆడవు. ఇప్పటి బళ్లకి పన్నెండు అంగుళాల దాకా ఉంటుంది. కిక్ కొట్టారు, రెండుసార్లు పట్టలేదు, మూడోసారి అందుకుంది. నీలం పొగ పార్కింగ్ లాటంతా కమ్మింది. గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన బాబాయ్ గారొకరు కుర్చీలోంచి లేచి, "ఇది మా ఆర్‌ఎక్స్ వాసన కదయ్యా!" అన్నారు. పెట్రోల్లో ఆయిల్ కాలే వాసన అది. ముప్పై ఏళ్ల కిందటి తన ఆర్‌ఎక్స్ 100 గురించి అరగంట చెప్పారు. పిల్లలు కదలకుండా విన్నారు. సంబంధం ఏంటని అడిగిన పెద్దలకి నా జవాబు ఆ అరగంటే.

ఇక రేసు రోజు. జూన్ ఎండ, ఎర్ర దుమ్ము. స్టార్టింగ్ గేటు పడగానే నలభై బళ్లు ఒక్కసారిగా మొదటి మలుపు మీదికి దూకుతాయి. ఛాతీలో అదురు తెలుస్తుంది. ఒక పాప రెండు చేతులతో కంచె పట్టుకుని, వాళ్ల నాన్నతో "నాకూ ఒకటి కావాలి" అంది.

లోపాలు కూడా చెప్పాలి. మేం మాట్లాడుకున్న బస్సు గంటన్నర ఆలస్యంగా వచ్చింది, ఉదయం ప్రాక్టీసు మొత్తం పోయింది. చిన్నపిల్లలకి చెవుల రక్షణ తీసుకెళ్లాలన్న ఆలోచన మాకు రాలేదు. రెండు కుటుంబాలు మధ్యాహ్నమే వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. అది పూర్తిగా కమిటీ తప్పు. ఆ తల్లిదండ్రులకి క్షమాపణ చెబుతున్నాను.

సభ్యులు గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ రేసుని మొదటి నుంచీ నడుపుతున్నది డర్ట్ డిగ్గర్స్ నార్త్ అనే మోటార్‌సైకిల్ క్లబ్బు. అంటే మనలాంటి సంఘమే. జెండా ఊపేవాళ్లలో, కంచెలు కట్టేవాళ్లలో వాలంటీర్లు ఉన్నారు. వినాయక మండపానికి పందిరి వేసినప్పుడు మనం ఎలా తిరుగుతామో అచ్చం అలాగే తిరుగుతున్నారు. వచ్చే ఏడాది టికెట్ కొని చూసి రావడంతో సరిపెట్టుకోకుండా మన వాళ్లు కొందరు అక్కడ పనికి నిలబడాలని కార్యవర్గం తీర్మానించింది. వాళ్లు ఒప్పుకుంటే ముందుగా మంచినీళ్లు, చెత్త ఎత్తడం మనం తీసుకుందాం.

ఆసక్తి ఉన్న పెద్దవాళ్లు ఉగాది కార్యక్రమం రోజున నమోదు బల్ల దగ్గర పేరు రాయించండి. చెవి మూతలు ఈసారి సంఘమే కొంటుంది.

ఇట్లు,
కార్యదర్శి