మామ్మగారి మెడ ఎందుకు తిరిగిందో రాసిపెట్టేదెవరు?

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికాలో పుట్టి జర్మనీలో చాలా ఏళ్లు పనిచేసిన బ్యాలే నృత్య దర్శకుడు విలియం ఫోర్సైత్‌తో, కోనసీమలో పిల్లలకు కూచిపూడి నేర్పుకునే నాకేం పని అని మీ పాఠకులు అనుకోవచ్చు. పని పడింది కాబట్టే రాస్తున్నాను.

ఫోర్సైత్ 1949లో న్యూయార్క్‌లో పుట్టారు. 1984 నుంచి 2004 వరకు ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాలేని నడిపారు. 1987లో పారిస్ ఒపెరా బ్యాలే కోసం ఆయన కూర్చిన ‘ఇన్ ది మిడిల్, సమ్‌వాట్ ఎలివేటెడ్’ చూస్తే, కాలివేళ్ల కొసల మీద నిలబడే ఆ పాత బ్యాలేనే నిద్రలేచి ఒళ్లు విరుచుకున్నట్టుంటుంది. అదలా ఉంచండి. నన్ను పట్టేసింది 1999లో ఆయన బయటపెట్టిన ఒక సీడీ. మొదట తన దగ్గరి డ్యాన్సర్లకు నేర్పుకోవడానికే చేయించుకున్నది. అందులో మేకప్పు లేదు, కాస్ట్యూమ్ లేదు. ఆయన ఒక్కడే నిలబడి చెయ్యి కదుపుతూ మాట్లాడతారు. వేలు వెళ్లిన దారి వెంట తెర మీద తెల్లగీత పడుతుంది. మన ముగ్గు నేల మీద పడితే ఆయనది గాలిలో పడుతుంది. గీత అక్కడ ఉన్నట్టే దాన్ని తప్పుకుంటూ ఒళ్లు వంచుతారు. ఒక కదలిక ఎలా పుట్టిందో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

తర్వాత 2009లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఆయనతో కలిసి, 20 బల్లల మధ్య 17 మంది చేసే ఆయన నృత్యాన్ని విప్పి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎవరి సైగకి ఎవరు కదులుతున్నారో గీతలు గీసి మరీ చూపించారు.

ఇక మా సంగతి.

మా పక్క ఊళ్లో ఒక మామ్మగారున్నారు. ఒకప్పుడు గుళ్లలో, సభల్లో ఆడిపాడిన కలావంతుల కుటుంబం. మురమండ, ముమ్మిడివరం, బల్లిపాడు లాంటి ఊళ్లలో ఒకప్పుడు ఈ కళ ఎంత వెలిగిందో పెద్దవాళ్లకు తెలుసు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చాక గుళ్లో ఆట ఆగిపోయింది. ఆడపిల్లల్ని దేవుడి పేరు చెప్పి అంకితమివ్వడం ఆగాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ దానితో పాటు వాళ్ల విద్య కూడా చెప్పుకోకూడని సంగతైపోయింది. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు ఆంధ్రనాట్యం అని, నర్తకి స్వప్నసుందరి గారు విలాసినీ నాట్యం అని ఆ ఆటనే మళ్లీ వేదికెక్కించారు కాబట్టి ఆ మాత్రమైనా మిగిలింది. ముమ్మిడివరం అన్నాబత్తుల బులి వెంకటరత్నమ్మ గారి లాంటి వాళ్లు లేకపోతే వాళ్లకైనా ఎవరు నేర్పేవారు?

మామ్మగారు నాకు ఒక క్షేత్రయ్య పదం నేర్పారు. నవారు మంచం మీద కూర్చునే. ఒకే పంక్తికి పదకొండు రకాలుగా అభినయం పట్టారు. నేను ఆవిడ వేళ్ల వంకే చూస్తుంటే, “ముద్ర కాదే పిల్లా, మెడ చూడు. చెయ్యి ముందెళ్లిపోతే అది అడగడం, మెడ ముందు తిరిగితే అది అలక” అన్నారు. పంతొమ్మిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, ఆ ముక్క నాకు తెలీదు.

రికార్డు చేద్దామని పెళ్లి వీడియోలు తీసే కుర్రాణ్ణి తీసుకెళ్లాను. పాపం వాడి తప్పేం లేదు గానీ, చేతులు కదిలినప్పుడు మొహం, మెడ తిరిగినప్పుడు చేతులు తీశాడు. ఆఖర్న గులాబీలు రాలినట్టు ఎఫెక్టు కూడా పెట్టాడు. వచ్చేస్తుంటే మామ్మగారి మనవడు గుమ్మం దాకా వచ్చి, “ఫేస్‌బుక్‌లో పెట్టకండి మేడం, చెల్లికి సంబంధాలు చూస్తున్నాం” అన్నాడు. నేను పెట్టలేదు.

ఆ మధ్య ఈ పని మీద ఒక ప్రభుత్వ ఆఫీసుకి అర్జీ పట్టుకెళ్లాను. ఉత్సవాల్లో పిల్లలతో ప్రోగ్రాం చేయిస్తానంటే బడ్జెట్ ఉంది, ఇలాంటి వాటికి హెడ్డు లేదు అన్నారు. పిల్లలు వందమంది ఒకే చీరల్లో వరసగా నిలబడితే ఫొటో బాగుంటుంది, నిజమే.

నేనడిగేది పెద్ద ఖర్చు కాదు. ఇంకా మిగిలిన పెద్దావిడల దగ్గరికి రెండు కెమెరాలు, ఒక మంచి మైకు, ఆ సంగీతం తెలిసిన ఒక మనిషి వెళ్లాలి. ఆడి చూపించమంటే చాలదు, ఇలా ఎందుకు చేశారని కూర్చుని అడగాలి. ఫోర్సైత్ చేసుకున్నది అదే కదా. వాళ్లకు శాలువా కప్పి పంపేయకుండా రోజుకింత అని డబ్బివ్వాలి. ఆ వీడియో ఎవరు చూడాలో, ఎప్పుడు బయటపెట్టాలో ఆ కుటుంబమే చెప్పాలి, లేకపోతే గుమ్మం దగ్గరే ఆగిపోతాం. సాంస్కృతిక శాఖ గానీ, యూనివర్సిటీలు గానీ, ఎవరు ముందుకొచ్చినా ఇళ్లు చూపించడానికి నేను వస్తాను.

రాదలుచుకుంటే పొద్దున్నే రమ్మనండి. మామ్మగారికి ఎనభయ్యారేళ్లు. పది దాటితే పడుకుంటారు.

ఇట్లు,
ఒక డ్యాన్సు టీచరు,
అమలాపురం