పువ్వును వెనక నుంచి చూడు, చిన్నోడా

తిరుపతి,
ఆదివారం

చిన్నోడా,

అమెరికాలో కొలరాడో కొండమీద నుంచి నువ్వు పంపిన పువ్వు ఫోటో చూశాం. మీ నాయన కళ్లద్దాలు సర్దుకుని, "మన గట్ల మీది గడ్డిచామంతే కదా" అన్నారు. ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు అన్నాను. నువ్వేమో పేరు చెప్పమంటావు. పైనుంచి తీసిన ఒక్క ఫోటోతో ఎలా చెప్పేదిరా?

చామంతి కుటుంబంలో మొహం చూస్తే మోసపోతాం. రేకల కింద పచ్చటి గిన్నెలాంటిది ఉంటుంది చూడు. క్లాసులో దాన్ని పరిచక్రపుచ్ఛావళి అంటే వెనక బెంచీ వాళ్లు నవ్వేవాళ్లు. ఆ గిన్నె చుట్టూ పచ్చటి పొరలు ఇంటిపెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే చాలావరకు ఆస్టర్ అనే గుంపుది. ఇంచుమించు ఒకే ఎత్తులో, ఒకటి రెండు వరసల్లో నిలబడితే ఎరిగెరాన్ అనే గుంపుది. నీ పువ్వుకు దారాల్లాంటి రేకలు 50కి పైనే ఉన్నాయి, కాబట్టి ఎరిగెరానే అనుకుంటున్నా. గ్రీకులో ఆ పేరుకు తొందరగా ముసలివాడైనవాడు అని అర్థం. పువ్వు వాడగానే తెల్లటి నూగు వచ్చేస్తుంది మరి. 30 ఏళ్లకే తల నెరిసిన మీ నాయనకు ఈ సంగతి చెప్పలేదు.

ఫోటో మూలన ఒక ఆకు కనిపించింది. పక్క మొక్కది కాకపోతే మన అదృష్టం, దానికి చీలికలు లేవు. ఎరిగెరాన్‌లలో ఆకు ఈకలా రెండు పక్కలా చీలితే పిన్నాటిసెక్టస్ అనే రకం, కొసన మూడు మూడుగా చీలితే కంపోజిటస్ అనేదాన్ని. ఇక నా అనుమానం చీలని ఆకులుండే రెండు రకాల మీద, సింప్లెక్స్, మెలనోసెఫాలస్. సింప్లెక్స్‌కు గిన్నె నిండా తెల్లటి ఉన్ని ఉంటుంది, గాలి కొట్టే రాతినేలల్లోనూ బతుకుతుంది. మెలనోసెఫాలస్‌కు ఊదా కలిసిన నల్లటి వెంట్రుకలు. పేరుకే నల్లతల అని అర్థం. మంచు కరిగి చెమ్మగా ఉండే చోట్లు దానికి ఇష్టం. నల్లతల రేకలు తెల్లగా ఉంటాయి, నీదీ తెలుపే. కానీ సింప్లెక్స్ నీలం, ఊదా నుంచి తెలుపు దాకా మారుతుంది. అందుకే రంగును నేను నమ్మను.

వాటం చూసి ఒకసారి నేనే బోల్తా పడ్డాను. తలకోన టూర్లో పిల్లలకు వేగిస చెట్టు చూపించి ఎర్రచందనం అని గడగడా చెప్పేశా. వెంట వచ్చిన వాచర్ కొమ్మ వంచి, "మేడం, ఆకులు లెక్కపెట్టండి" అన్నాడు. ఎర్రచందనానికి రెమ్మకు మామూలుగా 3 ఆకులు, వేగిసకు 5 నుంచి 7. క్లాసంతా చూస్తుండగా పరువు పోయింది.

మళ్లీ ఎక్కినప్పుడు పువ్వు తెంపకు, నేషనల్ పార్కులో అది నేరం. నేలమీద పడుకునైనా సరే పక్కనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి, మొక్క మొదలు దగ్గరి ఆకులది ఒకటి తియ్యి. అలిపిరి మెట్లు ఎక్కినోడివే గానీ, అంత ఎత్తులో ఊపిరాడదు, మెల్లగా నడువు.

గిన్నె మీద నల్ల వెంట్రుకలు కనిపిస్తే ముందు నాకు ఫోన్ చెయ్. మీ నాయన తెల్ల ఉన్నే అని పందెం కాశారు, ఓడిపోతే నెలరోజులు పొద్దున కాఫీ ఆయనే పెట్టాలి.

మీ అమ్మ