బోర్డు పోయిందని నువ్వే అనేసుకోకు

తెనాలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక మనసు మనసులో లేదు. "లాప్‌టాప్ ఆన్ అవట్లేదురా, షాపులో చూపిస్తే లోపలి మెయిన్ బోర్డు పోయిందన్నారు, పిల్ల ప్రాజెక్టు రిపోర్టంతా అందులోనే ఉంది" అన్నావు. నేను సగం చెప్పేలోపే లైను తెగిపోయింది. ఇలాంటివి ఫోన్లో అయ్యేవి కావు. అందుకే షాపు కట్టేసి, భోజనం చేసి, తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకు. ఫార్మాట్ మాత్రం అసలు కొట్టనివ్వకు, అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ఇదే ముచ్చట పోయిన మాఘమాసంలో నాకూ జరిగింది, నీకు చెప్పనేలేదు. పెళ్లిళ్లు ముమ్మరంగా ఉన్న రోజులు. ఐదు వందల శుభలేఖలు మర్నాడు సాయంత్రానికల్లా ఇవ్వాలి. ఆడపిల్ల తండ్రి పొద్దున్నే వచ్చి, ముహూర్తం ఐదు నిమిషాలు మారిందనీ, అది దిద్దమనీ చెప్పి వెళ్లాడు. నేను బటన్ నొక్కాను. లైటు వెలిగింది, ఫ్యాను గిర్రున తిరిగింది, స్క్రీను మాత్రం నల్లగానే ఉంది. కొద్ది సెకన్లకు అంతా ఆగిపోయింది. మళ్లీ దానంతటదే వెలిగి, తిరిగి, ఆగింది. అలా ఆరేడు సార్లు.

చంకలో పెట్టుకుని రిపేరు షాపుకి పరుగెత్తాను. అతను ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. రెండుసార్లు బటన్ నొక్కి చూసి, "బోర్డు పోయిందండీ, తొమ్మిది వేలవుతుంది, వారం పడుతుంది" అన్నాడు. నాకు వారం ఎక్కడుంది?

ముందు ఫైళ్లన్నా బయటపడితే చాలనుకుని, ఇంటికొచ్చి హార్డ్‌డిస్కు ఊడదీశాను. వెనక రెండు స్క్రూలు, ఒక చిన్న మూత, అంతే. దాన్ని యూఎస్‌బీకి తగిలించే కేబుల్ ఒకటి ఉంటుంది, నాలుగైదు వందల్లో దొరుకుతుంది. అది కొని, పక్క జిరాక్స్ షాపులోని కంప్యూటరుకి పెట్టాను. ఫోల్డర్లన్నీ చక్కగా కనపడ్డాయి. ప్రాణం లేచొచ్చిందిరా! కానీ శుభలేఖ తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఆ కంప్యూటర్లో కార్డులు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఉంది గానీ, మేం తెలుగు కొట్టే అను ఫాంట్లు లేవు. "చి.ల.సౌ." ఉండాల్సిన చోట తల మీద చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు. అచ్చుకి కంప్యూటర్లో పేజీలు కూర్చే మన డీటీపీ వాళ్ల బాధ నీకు తెలిసిందే కదా. మేం కొట్టేది ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనపడే యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మలు కూర్చిన పాత ఫాంట్లవి. ఫాంటు లేకపోతే లోపలున్నదంతా పిచ్చిరాతే. ఫైళ్లు దక్కినా ఆ లాప్‌టాప్ లేవకపోతే నాకు పని జరగదని అప్పుడు తెలిసొచ్చింది. నీకు ఆ ఇబ్బంది లేదు. పిల్ల రిపోర్టు వర్డ్‌లో ఉంటే ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటుంది. ఆ ధైర్యంతో ఉండు.

ఆ రాత్రి కూర్చుని ఒక్కటొక్కటే చూసుకుంటూ వచ్చాను. "ఆన్ అవట్లేదు" అంటే "ఒంట్లో బాగాలేదు" అన్నట్టేరా. జ్వరమా, కడుపునొప్పా చెప్పకపోతే డాక్టరైనా ఏ మందిస్తాడు? కాబట్టి ముందు దాని వాలకం చూడు. ఛార్జరు పెట్టినా ఒక్క లైటూ వెలగట్లేదా? అయితే ముందు అనుమానించాల్సింది ఛార్జర్ని, అది పెట్టే కంతని. ఛార్జరు మీద అంటించిన కాగితం చదువు, 19 వోల్టులనో 19.5 అనో ఉంటుంది. వోల్టేజీ కొలిచే మల్టీమీటరు ముళ్లు పిన్ను లోపల ఒకటి, బయట ఒకటి ఆనిస్తే సుమారుగా అంత చూపించాలి. నాది 19.4 చూపించింది, అంటే ఛార్జరు తప్పు కాదు. నీది టైప్-సి అయితే ఈ పరీక్ష పనికిరాదు. అది లాప్‌టాప్‌కి తగిలి, ఎంత కావాలో కనుక్కున్నాకే వోల్టేజీ పెంచుతుంది. అంతవరకు 5 దగ్గరే ఉంటుంది. పోనీ అని మామూలు ఫోను ఛార్జరు పెట్టి చూడటం కూడా దండగే. 65 వాట్లు అడిగే మెషీనుకి ఆ చిన్న ఛార్జరు ఏ మూలకి?

లైటు వెలిగి, స్క్రీను మాత్రం నల్లగా ఉంటే క్యాప్స్ లాక్ నొక్కు. నొక్కినప్పుడల్లా దాని లైటు వెలిగి ఆరుతోందంటే లోపల మెషీను బతికే ఉంది, చూపించడమే చేతకావట్లేదు. గదిలో లైట్లార్పి, ఫోను టార్చి స్క్రీను మీదికి ఏటవాలుగా వెయ్యి. మసగ్గానైనా బొమ్మ కనపడితే పోయింది స్క్రీను వెనక వెలుగే. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో మీ టీవీకి తగిలించినా తెలిసిపోతుంది. టీవీలో వచ్చేస్తే పిల్ల అక్కడే ఫైలు పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోవచ్చు, ఆ పూటకి గండం గడుస్తుంది.

నా దానికి క్యాప్స్ లాక్ పలకలేదు. అప్పుడు ఛార్జరు పీకి, బ్యాటరీ తీసి, పవర్ బటన్ ముప్పై సెకన్లు గట్టిగా నొక్కి పట్టాను. లోపల మిగిలిన కరెంటంతా పోవాలని. చాలా మెషీన్లు ఈ ఒక్కదానికే లేస్తాయి. బ్యాటరీ ఊడి రాని కొత్త వాటికైనా ఛార్జరు తీసేసి ఇలాగే నొక్కి పట్టొచ్చు. నువ్వు ముందుగా చెయ్యాల్సింది ఇదే, పైసా ఖర్చు లేదు. నాది మాత్రం దీనికీ లేవలేదు.

ఇక మిగిలింది ర్యామ్, అంటే మెషీను నడిచేటప్పుడు వాడుకునే మెమరీ పట్టీలు. స్టీలు బీరువాని ఒకసారి ముట్టుకున్నాను, ఒంట్లోని స్టాటిక్ కరెంటు అటు పోవాలని. వెనక మూత తీస్తే రెండు పట్టీలున్నాయి, చూపుడువేలంత పొడవు. ఇటూ అటూ ఉన్న వెండిరంగు క్లిప్పులు గోళ్లతో పక్కకి జరపగానే పట్టీ టప్‌మని ఏటవాలుగా పైకి లేచింది. మెల్లగా లాగి దీపం దగ్గర పెట్టి చూశాను. అంచున వరసగా బంగారు రంగు పళ్లు. ఒకదానివి మిలమిలా మెరుస్తున్నాయి. రెండోదాని పళ్ల మీద, ఒక చివర నాలుగైదింటికి, నల్లగా మకిలి పట్టి ఉంది. మా షాపులో రోజంతా కార్డులు కోసిన దుమ్ము, పైన ఈ కాలవ గట్టు చెమ్మ. మరి పట్టదూ!

బాబు కంపాస్ బాక్సులోంచి తెల్ల రబ్బరు తీసి, ఆ పళ్లని ఒకే వైపుకి మెల్లమెల్లగా రుద్దాను. రబ్బరు పొట్టు ఒక్కటి కూడా లోపల పడకుండా దూరంగా దులిపి, మెత్తటి బట్టతో తుడిచాను. ముందు ఒక పట్టీ ఒక్కటే పెట్టి చూశాను, లేచింది. అది తీసి రెండోది పెట్టాను, అదీ లేచింది. అప్పుడు రెండూ కలిపి పెట్టి బటన్ నొక్కాను. స్క్రీను మీద వెలుగు రాగానే మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, నేను అంత గట్టిగా అరిచానన్నమాట. రాత్రి పన్నెండున్నరకి ముహూర్తం దిద్దాను. మర్నాడు కార్డులు చేతిలో పెట్టినప్పుడు ఆ తండ్రి మొదటి కార్డుకి నాలుగు మూలలా పసుపు రాసి, కళ్లకద్దుకున్నాడురా.

ఇప్పుడు నీ సంగతి. నీది కొత్తది, విండోస్ 11. మూత విప్పకముందే రెండు విషయాలు. మోడల్ నంబరు కొట్టి ర్యామ్ ఊడి వచ్చేదో కాదో కనుక్కో. పల్చటి వాటిల్లో చాలావాటికి బోర్డు మీదే అతికించేస్తున్నారు, అలాంటిదైతే విప్పి లాభం లేదు. రెండోది ఇంకా ముఖ్యం. ఇప్పటి మెషీన్లలో బిట్‌లాకర్ అని డిస్కుకి తాళం పడి ఉంటుంది, చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. బోర్డు మార్చినా, డిస్కు తీసి వేరేదానికి పెట్టినా, 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది లేకపోతే రిపోర్టు కళ్లముందే ఉన్నా చేతికి రాదు. పిల్లని ఫోన్లో తన మైక్రోసాఫ్ట్ అకౌంటులోకి వెళ్లి చూడమను, సాధారణంగా రికవరీ కీ అక్కడే ఉంటుంది. కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇంకొకటి. అడుగుభాగం ఉబ్బినట్టున్నా, కీబోర్డు మధ్యలో పైకి లేచినట్టున్నా, అది బ్యాటరీ పొంగడం. అప్పుడు ఛార్జింగు పెట్టొద్దు, గుచ్చొద్దు, నొక్కొద్దు. అలాగే పక్కన పెట్టి నాకు చెప్పు. ర్యామ్ తీసి పెట్టాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొత్త మెషీన్లు రెండు మూడు నిమిషాలు నల్లగానే ఉండొచ్చు, మెమరీని సరిచూసుకుంటాయి. కంగారుపడి మధ్యలో ఆపకు.

నిజంగా బోర్డే పోయి ఉండొచ్చు, కాదనను. కానీ ఆ మాట మూత విప్పి, మీటరు పెట్టి చూసినవాడు చెప్పాలి. పిల్ల మూడు నెలల కష్టం అది. ఎవరో నిలబడి రెండు నిమిషాల్లో అన్న మాటకి వదిలేసుకుంటామా?

రేపు పొద్దున్న ముప్పై సెకన్ల పని చేసి చూసి, లైటు, ఫ్యాను, క్యాప్స్ లాక్ ఈ మూడూ ఏం చేస్తున్నాయో నాకు మెసేజ్ పెట్టు. లేవకపోతే శనివారం రైలెక్కి నెల్లూరు వచ్చేస్తా. మీటరు, చిన్న స్టార్ స్క్రూడ్రైవరు, హార్డ్‌డిస్కు కేబుల్ అన్నీ తెస్తాను. నీది కొత్త రకం డిస్కు కాబట్టి దాన్ని యూఎస్‌బీకి తగిలించే డబ్బా కూడా పక్క షాపులో అడిగి తీసుకుంటాను. చెల్లెమ్మతో చెప్పు, మధ్యాహ్నం భోజనం అక్కడేనని.

నీ,
శుభలేఖల షాపు