మంచు పడకముందే మస్టాంగ్ పని చూడు

కన్నా,

అమ్మమ్మ మోకాలి ఆపరేషన్ బాగా జరిగింది. నేను ఉగాది వెళ్ళేదాకా విజయవాడలోనే ఉంటాను కాబట్టి ఈసారి మన పాత మస్టాంగ్ కారును చలికాలానికి సిద్ధం చేసే పని నీదే. మిషిగన్‌లో రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలుకాకముందే చెయ్యి. ఆ డెట్రాయిట్ నేల కింద వెయ్యి అడుగులకు పైగా లోతున పెద్ద ఉప్పు గనే ఉంది, తెలుసుగా. రోడ్లకు అక్కడ ఉప్పుకు కొదవ లేదు. మన బండి 1966 నాటి ఇనుము. ఒక్క చలికాలం ఆ ఉప్పునీళ్ళు తగిలితే చాలు, అడుగు రేకు తినేస్తుంది.

నాకు భయం చలి గురించి కాదు, తడి గురించి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వదే మీ అమ్మమ్మ, ఈ బండి విషయంలో నేనూ అంతే. కింది భాగంతో సహా కడిగి, పూర్తిగా ఆరాకే లోపల పెట్టు. వైపర్ల ముందు గాలి వెళ్ళే సందుల్లో రాలిన ఆకులు ఒక్కటి కూడా ఉండకూడదు. ఆ కాలం మస్టాంగ్‌లకు అదే పెద్ద బలహీనత. అక్కడ ఆకులు చేరితే నీళ్ళు నిలుస్తాయి, రేకు లోపల్నుంచి తుప్పుపట్టి కాళ్ళ దగ్గరికి కారుతుంది.

పెట్రోలు ట్యాంకు దాదాపు నిండుగా ఉంచు. ఖాళీ ఉంటే అందులోని గాలి తేమ నీరుగా మారుతుంది. బంకుల్లో దొరికే పెట్రోల్లో సాధారణంగా పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది ఆ తేమను పీల్చుకుంటుంది. ముందు స్టెబిలైజర్, అంటే నిల్వ పెట్రోలు పాడవకుండా చూసే మందు పోసి, తర్వాత పెట్రోలు కొట్టించి, ఓ పావుగంట నడుపు. అప్పుడే ఆ మందు ఇంజిన్‌కు పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బురేటర్ దాకా చేరుతుంది. ఇంటికొచ్చాక ఇంజిన్ వేడిగా ఉండగానే ఆయిల్ మార్చెయ్. పాత ఆయిల్లో ఉండే ఆమ్లాలు నెలల తరబడి బేరింగులను తింటూ కూర్చుంటాయి.

ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ నీళ్ళతో సగానికి సగం కలిపి ఉంటే మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. అయినా టెస్టర్‌తో ఒకసారి చూడు. వట్టి నీళ్ళ పాలు ఎక్కువైతే ఇంజిన్ బ్లాక్ పగిలిపోతుంది. బ్యాటరీ విప్పి తీసెయ్, ముందు నెగటివ్ వైరు. చార్జింగ్ పోయిన బ్యాటరీ త్వరగా గడ్డకడుతుంది కాబట్టి దాన్ని మెయింటెయినర్‌కు, అంటే నిండగానే తనంతట తానే ఆగే చిన్న చార్జర్‌కు తగిలించి ఉంచు. దానంతట అదే ఆగని పాత చార్జర్ మాత్రం వద్దు.

హ్యాండ్‌బ్రేక్ వెయ్యొద్దు. నెలల తరబడి అలాగే ఉంటే వెనక డ్రమ్ములకు బ్రేక్ షూలు అంటుకుపోతాయి. చక్రాలకు చెక్కలు అడ్డం పెడితే చాలు. టైర్లలో గాలి మామూలు కంటే కాస్త ఎక్కువ కొట్టించు, టైరు మీద రాసిన హద్దు దాటకుండా. సైలెన్సర్ గొట్టంలోనూ ఎయిర్ క్లీనర్ మూతిలోనూ ఎలుకలు దూరకుండా స్టీల్ ఊల్ కుక్కి, ఆ సంగతి ఒక కాగితం మీద రాసి స్టీరింగుకు కట్టు.

ఇక అసలు మాట. నీకు ఆ బండి అంటే ఎంత ప్రేమో నాకు తెలుసు. ఆ ప్రేమకొద్దీ నెలకోసారి స్టార్ట్ చెయ్యొద్దు. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. పది నిమిషాల్లో ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, ఆ తడి పోదు. అదంతా ఆయిల్లో, సైలెన్సర్లో నిలిచిపోతుంది. పైగా మూసిన గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. మన గ్యారేజీ ఇంటికి ఆనుకునే ఉంది, అది మరీ ప్రమాదం. కాబట్టి కదపకుండా వదిలెయ్. అదే దానికి మేలు.

కింద పాలిథిన్ షీటు పరిచి, పైన గాలి ఆడే కాటన్ కవరే కప్పు. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పితే తడి లోపలే ఉండిపోతుంది. జనవరిలో ఎండ కాసినా బయటికి తియ్యకు, రోడ్ల మీద ఉప్పు దుమ్ము ఉంటుంది. ఏప్రిల్లో గట్టి వాన పడి రోడ్లు కడిగేదాకా ఆగు. అప్పటికి నేనూ వచ్చేస్తాను. ఇన్సూరెన్స్ మాత్రం ఆపొద్దు, గ్యారేజీలో ఉన్న బండికీ దొంగల భయం, నిప్పు భయం ఉంటాయి.

సందేహం వస్తే నీకు రాత్రి అయినా ఫోన్ చెయ్యి, ఇక్కడ పొద్దున్నే లేచే ఉంటాను.

ప్రేమతో,
అమ్మ